ఇద్దరు మిత్రులు, రెండు ఉబ్బులు

1946లో న్యూయార్క్‌లో ఒక డాక్టరు తానే రోగిగా ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. పేరు గుస్తావ్ బకీ. వయసు అరవై దాటింది. ఎక్స్‌రే నిపుణుల్లో ఆయన పేరు తెలియనివారు అప్పట్లో లేరు. శరీరంలో చెల్లాచెదురయ్యే కిరణాలు ఫిలిం మీద పడి బొమ్మను మసకబార్చకుండా అడ్డుకునే జాలీని 1913లో కనిపెట్టింది ఆయనే. గుంటూరులో గానీ వరంగల్‌లో గానీ ఎక్స్‌రే గదిలో 'బకీ స్టాండు' అంటున్నారంటే అది ఆయన పేరే.

ఊరందరి ఎక్స్‌రేలు చూసి జబ్బు ఏమిటో తేల్చిన మనిషికి ఇప్పుడు సొంత పొట్టే ఎదురు తిరిగింది. జీర్ణాశయం పొట్టలో ఉండాల్సిన చోట లేదు. చాలా భాగం ఛాతీలోకి ఎక్కి, అక్కడే ఇరుక్కుపోయింది. ఛాతీకీ పొట్టకీ నడుమ డయాఫ్రం అనే కండరపు పొర ఉంటుంది. అన్నవాహిక కిందికి దిగడానికి అందులో ఒక రంధ్రం. ఆ రంధ్రం వదులైతే కింద ఉన్న జీర్ణాశయం పైకి తోసుకొస్తుంది. దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. ఇరుక్కున్న భాగానికి రక్తం అందకపోతే అది కుళ్లిపోతుంది. ఆలస్యం చేయడానికి వీల్లేని స్థితి.

కత్తి పట్టింది రుడాల్ఫ్ నిస్సెన్. ఈయన కథ వేరే రాయదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి తూటా తగిలి బతికిన సైనికుడు. 1931లో బెర్లిన్‌లో ఒక బాలికకు మొత్తం ఊపిరితిత్తిని తొలగించి ఆమెను బతికించిన సర్జన్. యూదుడు కావడంతో 1933లో జర్మనీ విడిచి ఇస్తాంబుల్ చేరారు, అక్కడి నుంచి 1939లో అమెరికా. బకీ వయసు చూసి ఛాతీ తెరవడానికి ఆయన మనసు ఒప్పలేదు. పొట్ట వైపు నుంచే లోపలికి వెళ్లి, పైకి పోయిన జీర్ణాశయాన్ని మెల్లగా కిందికి లాగి, మళ్లీ పైకి పోకుండా పొట్ట ముందరి గోడకు కుట్టేశారు. అంతే. బకీ కోలుకున్నారు.

ఈ బకీకి బెర్లిన్ రోజుల నుంచీ ఒక ఆప్తమిత్రుడు. వెలుతురును బట్టి తనంతట తానే సర్దుకునే కెమెరా ఒకటి ఇద్దరూ కలిసి రూపొందించి, 1936లో అమెరికాలో పేటెంటు కూడా తీసుకున్నారు. ఆ మిత్రుడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్.

ఐన్‌స్టీన్‌కు ఏళ్ల తరబడి కడుపునొప్పి. కొన్ని నెలలకొకసారి పొట్ట పైభాగంలో మొదలయ్యేది, వాంతులయ్యేవి, రెండు మూడు రోజులు మంచం మీదే గడిచేది, తర్వాత తగ్గిపోయేది. లక్షణాలు చూస్తే ఎవరైనా పిత్తాశయంలో రాళ్లనే అనుకుంటారు. 1948లో నిస్సెన్ ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చూసినప్పుడు అరచేతి కింద గడ్డలాంటిది తగిలింది. అది గుండెతో పాటు కొట్టుకుంటోంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. హెర్నియా ఉబ్బుకూ రక్తనాళం ఉబ్బుకూ తేడా తెలియక మనవాళ్లు రెండింటినీ ఒకే గాటన కడుతుంటారు. పొట్టలో ఏదైనా ఉబ్బి కనిపిస్తే 'హెర్నియానే, బెల్టు కట్టుకుంటే పోతుంది' అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సైకిల్ టైరు ఒకచోట చిరిగి, ఆ చిరుగులోంచి లోపలి ట్యూబు బయటికి పొంగిందనుకోండి, అది హెర్నియా. ట్యూబు మంచిదే, దాన్ని పట్టి ఉంచాల్సిన టైరు ఓడిపోయింది. అలా కాకుండా ట్యూబు రబ్బరే ఒకచోట పలచబడి బుడ్డలా లేచిందనుకోండి, అది అన్యూరిజం. హెర్నియాలో బయటికి వచ్చినదాన్ని లోపలికి తోసి కంత మూయవచ్చు. అన్యూరిజంలో లోపలికి తోయడానికి ఏమీ ఉండదు. రక్తనాళం గోడే రోగం.

అందుకే గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉండే హెర్నియా దగ్గితే పెరుగుతుంది, పడుకుంటే చాలాసార్లు లోపలికి పోతుంది. బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోని అన్యూరిజం పడుకున్నా పోదు, చెయ్యి వేస్తే నాడిలా కొడుతుంది. చాలామందిలో బయటికి ఏమీ తెలియనే తెలియదు. పొట్టలోని బృహద్ధమని మామూలుగా రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మూడు దాటితే దాన్ని అన్యూరిజం అంటారు. ఉబ్బేకొద్దీ గోడ పలచబడుతుంది, అదే రక్తపోటుకు గోడ మీద బిగువు ఇంకా పెరుగుతుంది. ఇది లాప్లాస్ చెప్పిన సూత్రం, ఐన్‌స్టీన్‌కు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేనిది.

1948 డిసెంబరులో బ్రూక్లిన్ యూదు ఆస్పత్రిలో నిస్సెన్ ఆయన పొట్ట తెరిచారు. పిత్తాశయంలో రాళ్లు లేవు. బృహద్ధమని పెద్ద బత్తాయికి మించిన సైజులో ఉబ్బి ఉంది.

ఏం చేయాలి? అప్పటికి ఉన్న దారులు మూడే. నాళాన్ని కట్టేయడం మొదటిది, కానీ కాళ్లకు రక్తం అందకుండా పోయే ప్రమాదం. ఉబ్బులోకి తీగ చొప్పించి రక్తాన్ని గడ్డకట్టించడం ఇంకొకటి. మూడోది ఇప్పుడు వింటే విడ్డూరంగా ఉంటుంది: ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టడం. మిఠాయి పొట్లాల మీద తళతళలాడే జాతిదే. సెల్లోఫేన్ శరీరానికి పడదు. ఆ రాపిడికి చుట్టూ గట్టి పీచు కణజాలం పెరుగుతుంది. ఆ పీచే కవచమై గోడను నిలబెడుతుందని వాళ్ల ఆశ. నిస్సెన్ ఈ మూడో దారినే పట్టారు. చేతికి అందినంత మేర, ముందు భాగాన్ని సెల్లోఫేన్‌తో కప్పి పొట్ట మూసేశారు. కొన్ని వారాల్లో ఐన్‌స్టీన్ ప్రిన్స్‌టన్‌లోని ఇంటికి చేరారు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లకు పైగా బతికారు. అందులో ఆ కాగితం వాటా ఎంతో నిరూపించలేం. కానీ చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం ఒక్కటే మిగిలిన చోట, నిస్సెన్ చేసింది చేయదగ్గ పనే అని నా నమ్మకం.

ఈలోగా వైద్యం పరుగెత్తింది. 1951 మార్చి 29న పారిస్‌లో షార్ల్ డ్యూబోస్ట్ అనే సర్జన్ అన్యూరిజం ఉన్న ముక్కను కోసి తీసేసి, ఆ స్థానంలో చనిపోయిన వ్యక్తి బృహద్ధమని ముక్కను కుట్టారు. రోగి బతికాడు. మరికొన్నేళ్లకు హూస్టన్‌లో మైఖేల్ డిబేకీ డేక్రాన్ బట్టను కుట్టు మిషను మీద గొట్టంలా కుట్టి రక్తనాళంగా వాడడం మొదలుపెట్టారు. 1948లో లేని దారి 1955 నాటికి తెరుచుకుంది. ప్రాణం మీదికి తెచ్చేంత ప్రమాదం ఉన్నదే, అయినా దారి దారే.

1955 ఏప్రిల్ 13, బుధవారం. మెర్సర్ వీధి 112వ నంబరు ఇంట్లో ఐన్‌స్టీన్ కుప్పకూలారు. ఉబ్బు చిట్లి లోపల రక్తం కారుతోంది. వ్యక్తిగత వైద్యుడు గై డీన్ మార్ఫిన్ ఇచ్చారు. న్యూయార్క్ నుంచి వచ్చిన వాళ్లలో డాక్టర్ రుడాల్ఫ్ ఎర్మాన్, సర్జన్ ఫ్రాంక్ గ్లెన్, వాళ్లతో పాటు బకీ. తన ఉబ్బును కుట్టించుకుని తొమ్మిదేళ్లుగా హాయిగా తిరుగుతున్న మనిషి, మిత్రుడి మంచం పక్కన నిలబడ్డారు. (బకీ ఆ తర్వాత 1963 వరకూ జీవించారు.) ఒకే సర్జన్ చెయ్యి ఇద్దరి పొట్టల్లోకీ వెళ్లింది. ఒకరికి సర్ది కుట్టడానికి వీలైంది, ఇంకొకరికి కప్పి ఉంచడం తప్ప కుదరలేదు. ఆ గదిలో ఈ సంగతి బకీకి తెలిసినంతగా మరొకరికి తెలిసే అవకాశం లేదు.

గ్లెన్ ఆపరేషన్ ప్రస్తావన తెచ్చారు. ఐన్‌స్టీన్ వద్దన్నారు. కృత్రిమంగా ఆయుష్షు పొడిగించుకోవడం తనకు రుచించదనీ, చేయాల్సింది చేశాననీ, వెళ్లే వేళ వచ్చిందనీ, హుందాగా వెళతాననీ ఆయన మాటల సారాంశం. శుక్రవారం ప్రిన్స్‌టన్ ఆస్పత్రికి తరలించారు. కొడుకు హాన్స్ ఆల్బర్ట్ కాలిఫోర్నియా నుంచి విమానంలో వచ్చారు. కాస్త నెమ్మదించగానే ఐన్‌స్టీన్ కళ్లద్దాలు అడిగారు, లెక్కల కాగితాలు అడిగారు. 18వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటా పదిహేను నిమిషాలకు ప్రాణం పోయింది. చివరి మాటలు జర్మన్‌లో అన్నారు. పక్కనున్న నర్సుకు ఆ భాష రాదు. శవపరీక్షలో బృహద్ధమని పగిలిన చోటు బయటపడింది.

అదే ఏడాది డిసెంబరులో, అప్పటికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో స్థిరపడిన నిస్సెన్, ఛాతీలో మంట తగ్గని ఒక రోగికి జీర్ణాశయం పైభాగాన్నే అన్నవాహిక కింది కొస చుట్టూ మఫ్లరులా చుట్టి కుట్టారు. హయాటస్ హెర్నియాకు, ఆమ్లం పైకి ఎగదన్నడానికి నేటికీ ప్రపంచమంతా చేస్తున్న ఆపరేషన్ అదే, నిస్సెన్ ఫండోప్లికేషన్. అన్యూరిజం వైద్యం మాత్రం వేరే దారి పట్టింది. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి గజ్జల్లోని రక్తనాళం గుండా గొట్టాన్ని పంపి, పొట్ట కోయకుండానే ఉబ్బును లోపలి నుంచి మూసే పద్ధతికి నాంది పలికారు.

పిత్తాశయం నొప్పిలా కనిపిస్తూ అసలు అన్యూరిజం అయ్యే స్థితికి వైద్య గ్రంథాల్లో 'ఐన్‌స్టీన్ సైన్' అని పేరు. ఇది మన ఇళ్లకూ పనికొచ్చే సంగతి. జీవితాంతం పైపు తాగిన ఆయన లాగే, ఏళ్ల తరబడి చుట్టా బీడీ సిగరెట్టూ తాగిన మగవాళ్లకు అరవై అయిదు దాటాక ఈ ముప్పు ఎక్కువ. హెర్నియా ఉన్నవాళ్లు, లోపలికి పోయే ఉబ్బు హఠాత్తుగా పోకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ మొదలైతే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. పెద్దాయనకు ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో విపరీతమైన నొప్పి వచ్చి కళ్లు తిరిగి పడిపోతే గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెట్టొద్దు.

చిట్లకముందే కనిపెట్టడానికి కావలసింది మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగే. పిత్తాశయం చూడమని వెళ్లిన రోజున అదే జెల్లు, అదే ప్రోబు మరికాస్త మధ్యకు జరిపితే చాలా మందిలో బృహద్ధమని కూడా కనిపిస్తుంది. మీ నాన్నగారినో తాతగారినో తీసుకెళ్లినప్పుడు, దాని వెడల్పు ఎన్ని సెంటీమీటర్లో కూడా కొలిచి రిపోర్టులో రాయమని అడగండి.