అబ్బ తుపాకి ఎంత చేస్తుంది?

మొన్న రాజంపేట వెళ్ళినప్పుడు చిన్నాయన అడిగాడు, "అబ్బ తుపాకి అమ్మితే బోరుకు సరిపోతాదా? ఇంగ్లండుది రా, లక్షలు పలకదా?" అని. పాతదైతే ఖరీదెక్కువ అని ఆయన లెక్క.

అబ్బ (తాత) పోయాక డీలరు దగ్గర డిపాజిట్ చేసిన జోడుగొట్టాల తుపాకి అది. డీలరు ముందు లోపల తోటా లేదని చూసుకుని, గొట్టాలు ఊడదీసి, అడుగున ఉన్న ముద్రలు చూపించాడు.

ఆ ముద్రలకో చరిత్ర ఉందండోయ్. బర్మింగ్‌హామ్‌లో 1813 నాటి చట్టంతో తుపాకుల పరీక్షశాల పెట్టారు. మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేలుస్తారు, తట్టుకుంటేనే ముద్ర. మన భాషలో స్ట్రెస్ టెస్టన్నమాట! మా దానిమీద 'నాట్ ఫర్ బాల్' అని ఉంది. అంటే మూతి సన్నబడిన గొట్టం, రవ్వలే గానీ గుండు వెయ్యకూడదని. ఆ ముద్ర 1875-87 మధ్యే వేశారు. మనవాళ్ళ తుపాకులకి లైసెన్సు పెట్టిన 1878 చట్టం కూడా ఆ కాలానిదే.

చిక్కంతా ఇక్కడే. అప్పటి పరీక్ష పొగొచ్చే పాత మందుతో. ఇప్పటి తోటాల్లో ఉండేది పొగరాని మందు. దాన్ని తట్టుకున్న వాటికి 1904 నుంచి కిరీటం కింద 'ఎన్‌పీ' అని వేశారు. మాదాంట్లో అది లేదు. ఇప్పటి తోటా పెడితే గొట్టం చేతిలోనే పగలొచ్చు.

డీలరు చెప్పిన ధర కేసింగ్ పైపులకి కూడా రాదు. "ముద్రల సంగతి చెప్పకుండా ఎవరికన్నా అమ్మేద్దామా?" అన్నాడు చిన్నాయన. లైసెన్సు ఉన్నవాడే కొంటాడు, కొన్నవాడు పేలుస్తాడు గదా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు ఆయన.