కోతకు ముందే మందు

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు ఫలించాక ఆపరేషన్ నొప్పికి విరుగుడు దొరికిందని లోకం సంబరపడింది. అయితే రోగికి తెలివి లేనంత మాత్రాన నరాలు మూగబోవు. మత్తులో ఉన్నా కోత తాకిడి మెదడుకు చేరి శరీరాన్ని కుంగదీస్తుందని క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జ్ క్రైల్ వాదించాడు. మార్ఫిన్, స్కొపోలమైన్ ముందే ఇచ్చి, మత్తుతో పాటు కోసేచోట తిమ్మిరి మందు కూడా ఎక్కించే పద్ధతిని 1913లో వివరించాడు. దానికి జీవశాస్త్ర ఆధారం దొరకడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో నొప్పి పరిశోధకుడు క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల్లో చూపాడు. ఆ స్థితి రాకముందైతే కొద్దిపాటి మార్ఫిన్ చాలు, వచ్చాక చాలా ఎక్కువ కావాలి అని ఆయనా, సహపరిశోధకుడు పాట్రిక్ వాల్ కలిసి 1986లో తేల్చారు. ఆపరేషన్ నొప్పిని ముందే అడ్డుకోవాలని 1988లో వాల్ పిలుపునిచ్చాడు.

ఎలుకల్లో నిజమైనది ఆపరేషన్ బల్ల మీద అంత తేలిగ్గా రుజువు కాలేదు. ఒకే మందును కోతకు ముందు, తర్వాత ఇచ్చి పోల్చిన 80 పరీక్షలను 2002లో డెన్మార్క్ పరిశోధకులు సమీక్షిస్తే, ఎక్కువ వాటిలో ముందిచ్చినందువల్ల అదనపు మేలు కనిపించలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ప్రయోగశాలలో నరానికి ఇచ్చే తాకిడి కాసేపే. ఆపరేషన్ గాయం వాపుతో రోజుల తరబడి వెన్నుపామును రెచ్చగొడుతూనే ఉంటుంది. ముందు వేసిన ఒక్క మోతాదు ఆలోపే అరిగిపోతుంది. కాబట్టి అసలు ప్రశ్న మందు ఎప్పుడు మొదలైందన్నది కాదు, ఎంతకాలం కాపు కాసిందన్నది. 66 పరీక్షలను కలిపి చూసిన 2005 నాటి విశ్లేషణ ముందస్తు మందుకు మేలుందని చెప్పింది కదా అనవచ్చు. కానీ ఆ మేలు అన్నిటికంటే బాగా కనిపించింది వెన్ను దగ్గర మందు ఎక్కించే ఎపిడ్యూరల్‌తో. మార్ఫిన్ జాతి మందుల ఫలితం తేలనే లేదు. అంటే ముందు ఇవ్వడమే గుణం కాదు, ఏం ఇచ్చామన్నదీ లెక్కలోకి వస్తుంది.

2009లో మరో దెబ్బ తగిలింది. ఈ రంగంలో పేరున్న అమెరికన్ మత్తువైద్యుడు స్కాట్ రూబెన్ 21 వ్యాసాల్లో కల్పిత సమాచారం వాడాడని బయటపడింది. దాంతో ఈ ఆలోచనంతా బూటకమని కొట్టిపారేస్తే పొరపాటే; వూల్ఫ్ కనుగొన్నది రూబెన్ మీద ఆధారపడలేదు, 2002 నాటి సందేహమూ ఆయన మోసం బయటపడేదాకా ఆగలేదు. దెబ్బతిన్నది ముందే మింగించే మాత్రల మీద పెంచుకున్న నమ్మకం. నరాల నొప్పి మందులైన గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మీద 281 పరీక్షలను 2020లో కలిపి చూస్తే నొప్పి తగ్గుదల రోగికి తెలిసేంత లేదు, కళ్లు తిరగడం మాత్రం పెరిగింది. మరి ఆపరేషన్‌కు ముందు పారాసిటమాల్ ఎందుకు ఇస్తున్నారు? మింగిన మాత్ర పనిచేయడానికి సమయం పడుతుంది. రోగి మేల్కొనేసరికి అది రక్తంలో ఉండాలి. ఇది వెన్నుపామును కాపాడతామన్న హామీ కంటే చిన్న మాట, కానీ నిలబడే మాట. తర్వాతి మోతాదులు వేళకు అందకపోతే అదీ నిలబడదు.