లొడలొడా, గరగరా?

“ఏదో సౌండొస్తోందన్నా” అంటూ కారు షెడ్డుకు తెచ్చినవాడితో పాతకాపు మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తమనడు. “ఏం సౌండు? లొడలొడా, గరగరా, కీచుమంటోందా?” అని అడుగుతాడు. సగం పని అక్కడే అయిపోతుంది. లొడలొడ అంటే ఎక్కడో వదులైంది, బుష్షో లింక్ రాడ్డో చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు గరగరమంటే ప్యాడ్లు అరిగిపోయి ఇనుము ఇనుముకు రాసుకుంటోంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని కాసేపటికి ఊరుకుంటే బెల్టు. ఇలాంటి జంట మాటలు తెలుగులో కోకొల్లలు కాబట్టి మనవాళ్ళకు బండి బాధ చెప్పుకోవడం తేలికే.

అమెరికాలో దీనికోసం ఏకంగా ఒక రేడియో కార్యక్రమమే నడిచింది. ‘కార్ టాక్’ 1977లో బోస్టన్‌లో మొదలై, 1987 నుంచి దేశమంతటా ప్రసారమైంది. టామ్, రే మాగ్లియాట్సీ అనే అన్నదమ్ములు దాన్ని నడిపారు. ఇద్దరూ ఎంఐటీలో చదివినవాళ్ళు, షెడ్డు నడిపినవాళ్ళు. ఫోన్ చేసినవాళ్ళు చాలాసార్లు తమ కారు చప్పుడును నోటితో చేసి వినిపించాల్సి వచ్చేది. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కూడా లక్షల మంది వింటుండగా గుర్రుమనీ, టకటకమనీ అనేవారు. అన్నదమ్ములు కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాత రోగమేమిటో చెప్పేవారు. కొత్త ఎపిసోడ్లు 2012లో ఆగిపోయాయి.

చప్పుడు విని లోపలి సంగతి కనిపెట్టడం కారు కంటే చాలా పాత విద్య. కుండలు కొనేటప్పుడు ఆడవాళ్ళు వేలి కణుపుతో కొట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీటుంది. రైలు ఆగిన స్టేషన్లో పొడవాటి సుత్తితో చక్రాలను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయిన మనిషిదీ అదే పరీక్ష. ఇక 1816లో పారిస్ డాక్టర్ లెనెక్, రోగి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఆ తర్వాత మెకానిక్కులకూ ఒక స్టెతస్కోప్ వచ్చింది. ఛాతీ మీద పెట్టే బిళ్ళ ఉండాల్సిన చోట దానికి ఇనుప పుల్ల ఉంటుంది.

మన షెడ్లలో మాత్రం ఆ పని స్క్రూడ్రైవరే చేసిపెట్టింది. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపెట్టి, రెండో చెవి మూసుకుంటారు. షెడ్డులోని గోలంతా వెనక్కి పోయి ఆ ఒక్క బేరింగు గొంతే వినిపిస్తుంది. బాగున్న బేరింగు సన్నగా, ఒకే తీరున మోగుతుంది. పోయినదైతే ఇసుక నలుగుతున్నట్టుంటుంది. అక్కణ్ణుంచి మొనను వాటర్ పంపు మీదికి, తర్వాత టెన్షనర్ మీదికి జరుపుతారు. చొక్కా అంచు ఫ్యానుకు తగలకుండా చూసుకోవాలంతే.

కార్ల చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన చప్పుడు నాకింగ్. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్‌లోంచి గోలీలు కదిలించినట్టు వచ్చే ఆ టకటకే. 1912 నాటికి కాడిలాక్ కార్లకు చార్ల్స్ కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరు, బ్యాటరీ ఇగ్నిషన్ వచ్చాయి. నాకింగ్ పాపాన్ని జనం ఆ ఇగ్నిషన్ మీదికే నెట్టారు. దాని సంగతి తేల్చమని కెటరింగ్ 1916లో థామస్ మిజ్‌లీ అనే కుర్ర ఇంజినీరుకు చెప్పాడు. స్పార్క్ పడ్డాక, మంట ఇంకా చేరని మూలలో మిగిలిన పెట్రోలు ఆవిరి తనంతట తానే భగ్గుమనడం వల్ల ఆ చప్పుడు వస్తోందని తేలింది. ఆ దెబ్బకు సిలిండర్ గోడలు గంటలా మోగుతాయి.

పెట్రోలుకు ఎర్రరంగు కలిపితే వేడిని త్వరగా పీల్చుకుని నాకింగ్ తగ్గుతుందేమోనని మిజ్‌లీకి అనిపించింది. చేతికందిన ఎర్రటి సరుకు అయోడిన్. అది కలపగానే చప్పుడు ఆగింది. తర్వాత అసలైన ఎర్ర రంగులు కలిపితే ఏమీ కాలేదు. తప్పు ఊహతో సరైన తలుపు తట్టాడన్నమాట. అయోడిన్ ఖరీదెక్కువ, పైగా లోహాన్ని తినేస్తుంది. టెలూరియం పనిచేసింది గానీ, దాని కంపు ఒంటికి పట్టుకుని వదలలేదు. చివరికి 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. ఒక్క చెంచాడు సీసం మందుతో ఇంజిన్ నోరు మూతపడింది. 1924లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ మందు తయారుచేస్తూ అయిదుగురు చనిపోయినా వ్యాపారం ఎంతోకాలం ఆగలేదు. మన దేశంలో సీసం పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానేసింది. ఒక చప్పుడు మాన్పడానికి వంద దేశాల గాలిలో విషం కలిపారు. మిజ్‌లీ తెలివిని ఎంత మెచ్చుకున్నా ఈ లెక్క చెరగదు. బంకులో కనిపించే ఆక్టేన్ నంబరు కూడా ఈ కథలోదే. పెట్రోలు నాకింగ్‌ను ఎంతవరకు తట్టుకుంటుందో అది చెబుతుంది.

మన దగ్గర 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ కారే రెండు మూడు తరాల మెకానిక్కులకు చెవి నేర్పింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల స్పానర్లందించే కుర్రాడిగా చేరినవాడు పని కంటే ముందు వినడం నేర్చుకునేవాడు. మొదటి పాఠం టాపెట్లది. రాకర్‌కూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన సందు కొన్ని కాగితాలంత మందమే. దాన్ని ఫీలర్ గేజ్ రేకుతో చూసి బిగిస్తారు. సందు ఎక్కువైతే కుట్టుమిషనులా టకటకమంటుంది. ఓనరు ఆ చప్పుడు వినలేక బాగా బిగించమంటాడు. బిగిస్తే బండి నిశ్శబ్దమైపోతుంది, కానీ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కొన్నాళ్ళకు కాలిపోతుంది. టాపెట్లు కాస్త మోగడమే మంచిదని తెలిసిన మేస్త్రీలు అందుకే చెప్పేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ చెవులకు కొత్త చదువు తప్పలేదు. అంబాసిడర్‌లో క్రౌన్ పినియన్ అరిగితే వెనక సీటు కింద ఊళ వినిపించేది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకొకటి. మారుతిని ముందు చక్రాలే లాగుతాయి కాబట్టి చప్పుడు ముందుకు మారింది. యాక్సిల్ జాయింటు రబ్బరు చిరిగి, గ్రీజు కారిపోయి దుమ్ము చేరితే, స్టీరింగు చివరిదాకా తిప్పి కదిలించినప్పుడు కటకటమంటుంది. పోయిన చప్పుడూ ఒకటుంది. అంబాసిడర్ టైమింగ్ చైను సాగితే గలగలమని ముందే చెప్పేది. మారుతిలో చైను బదులు బెల్టు పెట్టారు. అది చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది. అందుకే దాన్ని చెవితో కాదు, కిలోమీటర్ల లెక్కతో మార్చాలి.

కారుకే చెవి మొలిచిన రోజులివి. ఇంజిన్ బ్లాకుకు బిగించే నాక్ సెన్సర్ నాకింగ్ మోతను పట్టుకోగానే కంప్యూటర్ స్పార్కును కాస్త వెనక్కి జరుపుతుంది. అమెరికాలో 1978 నాటి బ్యుయిక్ టర్బో కార్లలోనే ఇలాంటిది ఉంది. కానీ ఆ చెవికి తెలిసింది ఆ ఒక్క చప్పుడే. పోయిన బుష్షు గురించి స్కానర్ పల్లెత్తు మాట చెప్పదు. ఎలక్ట్రిక్ కార్లలోనైతే ఇంజిన్ మోత లేక, ఇన్నాళ్ళూ దాని చాటున దాక్కున్న డ్యాష్‌బోర్డు కిటకిటలన్నీ బయటపడుతున్నాయి.

కాబట్టి ఈసారి ఏదైనా చప్పుడొస్తే పాటలు కట్టేసి వినండి. ఎంత స్పీడులో వస్తోంది, బ్రేకు తొక్కితేనా, గుంతల్లోనా చూడండి. చక్రం దగ్గర గుయ్యిమంటుంటే, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పండి. బరువు కుడివైపు పడుతుంది కాబట్టి, మోత పెరిగితే చాలావరకు కుడి బేరింగే దోషి. ఇంజిన్ లోపలినుంచి బరువుగా కొడుతూ ఆయిలు లైటు కూడా వెలిగితే మాత్రం ఇంకేం వినకండి, అక్కడే ఆపేయండి. మిగతావాటికి షెడ్డుకెళ్ళి, సిగ్గుపడకుండా ఆ చప్పుడు నోటితో చేసి చూపించండి.