సిక్స్ సిగ్మా

సిక్స్ సిగ్మా అనేది తయారీలోనూ సేవల్లోనూ పని నాణ్యతను లోపాల రేటుతో కొలిచి మెరుగుపరిచే గణాంక పద్ధతి. అమెరికాలోని మోటరోలా సంస్థలో 1986లో ఇంజనీరు బిల్ స్మిత్ దీనికి రూపమిచ్చాడు. 1995లో జాక్ వెల్చ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో చేపట్టాక ఇది దేశదేశాలకూ పాకింది. పునాది ఇంకా పాతది: 1924లో వాల్టర్ షూహార్ట్ రూపొందించిన కంట్రోల్ చార్టు.

కొలతలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనమే సిగ్మా. సగటుకూ అనుమతించిన హద్దుకూ మధ్య ఆరు సిగ్మాల ఎడం ఉంటే పని ఆ స్థాయికి చేరినట్టు.

లెక్క కట్టే తీరు చూడండి. 500 దరఖాస్తులు, ఒక్కోదాంట్లో 20 గడులు అనుకుందాం. తప్పు దొర్లగల చోట్లు 10,000. అందులో 34 తప్పులు దొరికితే పది లక్షల అవకాశాలకు 3,400 లోపాలన్నమాట, అంటే సుమారు 4.2 సిగ్మా. మూడు సిగ్మాల దగ్గర ఈ సంఖ్య 66,807. ఆరు దగ్గర 3.4.

ఈ 3.4 వెనుక ఒక ఊహ ఉంది: కాలం గడిచేకొద్దీ సగటు 1.5 సిగ్మాల మేర పక్కకు జరుగుతుందని. జరగకపోతే లోపాలు వంద కోట్లకు రెండే. సరిగ్గా 1.5 ఎందుకని గణాంకవేత్తలు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అంతకన్నా పెద్ద చిక్కు అవకాశాల లెక్కింపులో ఉంది. పై దరఖాస్తులో 20కి బదులు 40 చోట్లు చూపిస్తే, పని ఇసుమంతైనా మారకుండానే లోపాల రేటు 1,700కు పడిపోతుంది.