ఆస్బెస్టాస్ దుమ్ము: పని మానేసిన ముప్పై ఏళ్లకు బయటపడే క్యాన్సర్

హయత్‌నగర్ ఆటోనగర్‌లో లారీల బ్రేకులు విప్పేవాళ్లు, సిమెంటు రేకులు కోసి షెడ్లు వేసేవాళ్లు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఆ పనిలో లేచే దుమ్ము గురించి ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

ఆస్బెస్టాస్ అంటే?

నారలా విడిపోయే ఖనిజం ఇది. నిప్పుకు కాలదు. అందుకే సిమెంటు రేకులు, పైపులు, పాతరకం బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్లలో వాడారు. కడప జిల్లా పులివెందుల దగ్గర దీన్ని తవ్వారు. 1946లో మొదలైన హైదరాబాద్ కంపెనీ 'చార్మినార్' రేకులు ఊరూరా ఇళ్ల కప్పులయ్యాయి. రేకు కదలకుండా ఉంటే ప్రమాదం తక్కువ. కోసినా, పగలగొట్టినా, బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును గాలిపైపుతో ఊదినా కంటికి కనిపించని పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

ఏయే క్యాన్సర్లు?

ఊపిరితిత్తులు, స్వరపేటిక, అండాశయం క్యాన్సర్లు, ఊపిరితిత్తుల మీది పొరకో పొట్టలోని పొరకో వచ్చే మెసోథెలియోమా. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. బీడీ, సిగరెట్ కూడా తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంట్లోవాళ్లకు కూడా

పని బట్టలు దులిపి ఉతికే ఆడవాళ్లకు కూడా మెసోథెలియోమా వచ్చిన కేసులు ప్రపంచంలో ఉన్నాయి. ఆ బట్టలు పని చోటే మార్చుకోవాలి, దులపకుండా తడిపి విడిగా ఉతకాలి. రేకులను, బ్రేకులను తడిపాకే ముట్టుకోవాలి. ముఖానికి కట్టుకునే రుమాలు ఈ పోగులను ఆపలేదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

తగ్గని దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, ఊపిరితిత్తుల చుట్టూ నీరు టీబీలో కూడా కనిపిస్తాయి. అందుకే అబ్బా ఎప్పుడో వదిలేసిన పనైనా సరే, ఎక్కడ, ఎన్నేళ్లు చేశారో ముందే చెప్పండి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానివే.

హక్కులు

ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా చట్ట ప్రకారం పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. అడగాలంటే రుజువు కావాలి. పాత ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ, గుర్తింపు కార్డు పారేయకండి.