పోర్షియా వుడ్‌మన్-విక్‌లిఫ్

పోర్షియా వుడ్‌మన్-విక్‌లిఫ్ (జననం: 1991 జూలై 12, కైకోహే) న్యూజిలాండ్‌కు చెందిన రగ్బీ క్రీడాకారిణి. మహిళల రగ్బీ సెవెన్స్ ఒలింపిక్ క్రీడగా స్థిరపడిన కాలమూ ఆమె ఆడిన కాలమూ ఇంచుమించు ఒకటే. జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీకి కుదించిన రూపమైన సెవెన్స్‌లో ఏడుగురేసి, ఏడేసి నిమిషాల రెండు భాగాలుగా ఆడతారు. మైదానం మాత్రం పెద్ద ఆటదే కాబట్టి ఖాళీ జాగా ఎక్కువ, పరుగుకు విలువా ఎక్కువ. బంతిని ప్రత్యర్థి గోలుగీత అవతల నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు. దానికి 5 పాయింట్లు. మైదానం అంచున కాచుకొని ఉండి, అందిన బంతితో దూసుకుపోయే వింగ్ స్థానంలో ఆమె పేరు తెచ్చుకున్నారు.

తండ్రి కవేనా, పెదనాన్న ఫ్రెడ్ ఇద్దరూ న్యూజిలాండ్ పురుషుల జట్టు ఆల్ బ్లాక్స్‌కు ఆడినవారే అయినా, ఆమె మొదట రాణించింది నెట్‌బాల్‌లో. 2016 నుంచి సెవెన్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని 2009లో నిర్ణయం వెలువడటంతో, న్యూజిలాండ్ రగ్బీ సంఘం ఇతర క్రీడల్లోని ప్రతిభావంతుల కోసం 2012లో ‘గో ఫర్ గోల్డ్’ ఎంపిక శిబిరాలు నడిపింది. వుడ్‌మన్ ఆ దారినే జట్టులోకి వచ్చి, మరుసటి ఏడాది మాస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. 2015లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు.

2016 రియో ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువగా 10 ట్రైలు చేసినా, ఫైనల్ ఆమెకు చేదుగానే మిగిలింది. స్కోరు 5–5 వద్ద ఉండగా, ప్రత్యర్థుల పాస్‌ను కావాలని చేత్తో కొట్టి పడేసినందుకు రిఫరీ పసుపు కార్డు చూపడంతో ఆమె రెండు నిమిషాలు బయట కూర్చోవలసి వచ్చింది. పదిహేను మంది ఆటలో ఒకరు లేని లోటును ఎలాగో సర్దుకోవచ్చు గానీ ఏడుగురిలో ఒకరు తగ్గితే అంచు మొత్తం తెరుచుకుంటుంది. విరామానికి ముందే ఆధిక్యంలోకి వెళ్ళిన ఆస్ట్రేలియా 24–17తో స్వర్ణం గెలుచుకుంది.

మరుసటి ఏడాది ఆమె పదిహేను మంది ఆటకు మళ్ళి, ప్రపంచ కప్‌లో హాంకాంగ్‌పై ఒక్క మ్యాచ్‌లోనే 8 ట్రైలు, మొత్తం 13 ట్రైలు చేసి, జట్టు కప్పు గెలవడంలో ముందు నిలిచారు. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమూ ఆమెకే దక్కింది. 2018లో కామన్వెల్త్ స్వర్ణం, రెండో సెవెన్స్ ప్రపంచ కప్ గెలిచాక, పిక్కను మడమతో కలిపే అకిలిస్ స్నాయువుకు గాయమై చాలాకాలం ఆటకు దూరమయ్యారు. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడటం ఆమెకు కలిసివచ్చిందనే చెప్పాలి. 2021లో ఫ్రాన్స్‌పై 26–12తో నెగ్గి న్యూజిలాండ్ ఈ క్రీడలో తొలి ఒలింపిక్ స్వర్ణం సాధించింది.

ప్రపంచ సెవెన్స్ సిరీస్‌లో 200 ట్రైలు చేసిన తొలి మహిళ ఆమే. 2024 పారిస్ ఫైనల్లో కెనడాను 19–12తో ఓడించి రెండో స్వర్ణం అందుకున్న తర్వాత అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు పలికినా, 2025లో తిరిగివచ్చి, ఇంగ్లండ్‌లో జరిగిన పదిహేను మంది ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు ఆడారు.