హెపటైటిస్ సంబంధిత మూత్రపిండ వ్యాధి

హెపటైటిస్ బి, సి వైరస్‌లు కాలేయంతో పాటు మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. వైరస్ అంశాలు, వాటికి ఎదురు పుట్టిన యాంటీబాడీలు కలిసి మూత్రపిండాల వడపోత పొరల్లో పేరుకుంటాయి. మూత్రంలో ప్రొటీన్ పోయి నురగ వస్తుంది. కాళ్లు, ముఖం వాస్తాయి.

చికిత్స: బి రకానికి ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్, సి రకానికి సాధారణంగా సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ 12 వారాలు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం.

ఉద్దానం: శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర ఉద్దానం ప్రాంత మండలాలను పీడిస్తున్న కిడ్నీ వ్యాధి దీనికి వేరు, దాని కారణం ఇంకా తేలలేదు. అయితే డయాలసిస్‌పై బతికేవారికి రక్తం ద్వారా హెపటైటిస్ బి, సి వైరస్‌లు సోకే ముప్పుంది. అందుకే బి సోకినవారికి ప్రత్యేక యంత్రం, సోకనివారికి టీకా, అందరికీ క్రమం తప్పని రక్తపరీక్షలు అత్యవసరం.